పునరాగమనంతోనే యాత్ర పూర్ణం



తీర్థయాత్ర ఎక్కడ ముగుస్తుంది? ఈ ప్రశ్న వేస్తే మనలో చాలామంది తడుముకోకుండా ఇచ్చే సమాధానం ఒక్కటే: స్వామి దర్శనమైన క్షణంలో ముగుస్తుంది. ఆపైన మిగిలినది ప్రసాదం కొనుక్కోవడం, వాహనమెక్కడం, ఇంటికి చేరడం. ఆ తిరుగుదారిని యాత్రలో భాగంగా ఎవరూ లెక్కించరు. నా అభిప్రాయంలో ఇది చిన్న పొరపాటు కాదు. మన సంప్రదాయం యాత్రను రేఖగా భావించలేదు, వలయంగా భావించినది. బయలుదేరిన గడపకు మరలివచ్చి, అక్కడ ఒక కర్మను నిర్వర్తించిన తరువాతనే ఆ వలయం మూసుకొంటుంది. ఈ మాటకు ప్రమాణం కోసం దూరదేశాలకు వెళ్ళనవసరం లేదు. మన ఆదిలాబాదు అడవులలో ఒక వంశం ప్రతి పుష్యమాసంలోనూ దానిని తన పాదాలతో నిరూపిస్తున్నది. ఆ నడకను గురించి, దాని ముందు మన యాత్రలు ఎంతగా కుంచించుకుపోయాయో అన్న విషయాన్ని గురించి ఈ వ్యాసం.

ముందుగా ఈ ఆలోచనకు కారణమైన ఒక సంగతి చెప్పాలి. మాది కరీంనగర్ ప్రాంతం. నా బాల్యంలో చైత్ర పూర్ణిమకు, అనగా హనుమత్ చిన్న జయంతికి, మా బాపు నన్ను కొండగట్టుకు నడిపించి తీసుకొనిపోయేవాడు. దీక్ష స్వీకరించిన స్వాములు కాషాయవస్త్రాలతో, రామనామంతో దారంతా నిండిపోయేవారు. ఎండలకు జడిసి అందరమూ చల్లపూటనే నడిచేవాళ్ళం. పగటివేళ చెట్లకింద ఆగితే ఎవరో ఒకరు మజ్జిగ ఇచ్చేవారు, ఎవరో కాళ్ళమీద నీళ్ళు పోసేవారు. నాకు తొందర. కొండ కనిపించగానే పరుగెత్తబోయేవాణ్ణి. బాపు చేయిపట్టి ఆపి, "దేవుడు గట్టుమీదనే ఉన్నడు, ఏడికి పోడు. నువ్వు మెల్లగ నడువు" అనేవాడు.

గత సంవత్సరం నేను అదే క్షేత్రానికి కారులో వెళ్ళాను. పొద్దున బయలుదేరి మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉన్నాను. దర్శనం బాగా జరిగినది, ఆటంకమేమీ లేదు. బాపు ఇప్పుడు నడవలేడు, మంచం మీదనే కూర్చుని ఉంటాడు. ప్రసాదం కళ్ళకద్దుకొని ఒకే ప్రశ్న అడిగాడు: "తొవ్వల ఎవలు కలిసిండ్రు?"

నావద్ద సమాధానం లేదు. దారిలో నన్నెవరూ కలవలేదు. అసలు నాకు దారే లేదు, ఒక ఇల్లూ ఒక గుడీ మాత్రమే ఉన్నాయి. ఆ రెంటి నడుమ ఉన్న భూమిని నేను అద్దంలోనుండి చూచి దాటివేశాను. ఆ రోజునుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు.

ఇక ఆదిలాబాదు సంగతి. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్ గ్రామంలో నాగోబా సన్నిధి ఉన్నది. పుష్య అమావాస్య రాత్రి అక్కడ జరిగే మహాపూజతో జాతర ఆరంభమవుతుంది. అర్చనాధికారం గోండులలో మెస్రం వంశీయులది. లక్షలాది జనం వచ్చే జాతరను గురించి పత్రికలలో చదువుతాం, అధికారులు కూర్చునే దర్బారును గురించి వింటాం. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో మరణించిన తరువాత, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం నియోగించిన హైమెన్‌డార్ఫ్ పూనికతో ఆ దశకంలోనే మొదలైన దర్బారు అది. అయితే జాతరకు ప్రాణభూతమైన కార్యం ఆ జనసమూహం రాకముందే, దాదాపు ఎవరి దృష్టికీ రాకుండా జరిగిపోతుంది. అదే గంగాజల యాత్ర.

పుష్యమాసపు నెలవంక కనిపించిన తరువాత మెస్రం పెద్దలు కేస్లాపూర్‌లో సమావేశమై యాత్రను నిశ్చయిస్తారు. నాగోబా అభిషేకానికి గోదావరీజలం కావాలి. ఆ జలాన్ని ఎక్కడనుండి పడితే అక్కడనుండి తీసుకోరు. ప్రస్తుత మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలో, కలమడుగు సమీపంలో, గోదావరిలో హస్తినమడుగు అనే తావు ఉన్నది. అక్కడి జలమే కావాలి. తెల్లని వస్త్రాలు ధరించి, తలపాగాలు చుట్టుకొని, పాదరక్షలు లేకుండా, ఝారీని వెంటబెట్టుకొని బయలుదేరుతారు. గుట్టలు దిగి, వాగులు దాటి, గూడేలలో రాత్రులు బసచేస్తూ కొన్ని దినాలు నడుస్తారు. మడుగు చేరి, పూజచేసి, ఝారీ నింపుకొని మరలుతారు. తిరుగుదారిలో ఇంద్రవెల్లిలోని ఇంద్రాదేవికి పూజలు చేస్తారు. కేస్లాపూర్ చేరిన తరువాత కూడా నేరుగా గుడిలోనికి వెళ్ళరు. ఊరి మర్రిచెట్ల కింద విడిదిచేసి అమావాస్య వరకు నిరీక్షిస్తారు.

ఈ క్రమాన్ని ఒక్కసారి శ్రద్ధగా గమనించండి. బయలుదేరినది కేస్లాపూర్‌లోనే, చేరినది కేస్లాపూర్‌కే. దైవం మొదటినుండీ వారి ఊరిలోనే ఉన్నాడు. దైవదర్శనమే ప్రయోజనమైతే ఈ నడకకు అర్థమే లేదు. వారు నడిచినది దైవాన్ని చేరుకోవడానికి కాదు, దైవానికి ఒకటి తెచ్చి సమర్పించడానికి. మన యాత్రలో మనం ఏదో పొందడానికి వెళతాం, వారి యాత్రలో వారు మోసుకొని వస్తారు. ఈ భేదం చాలా పెద్దది. జలం భుజాన ఉన్నవాడికి తిరుగుప్రయాణమే అసలు ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఖాళీ పాత్ర, తిరిగివచ్చేటప్పుడు నిండుపాత్ర. ఏ అడుగులో అజాగ్రత్త కలిగినా అంతవరకు నడిచినదంతా వ్యర్థమవుతుంది. అటువంటివాడు తిరుగుదారిని నిర్లక్ష్యం చేయలేడు.

తెచ్చిన జలంతో అమావాస్య రాత్రి అభిషేకం, మహాపూజ జరుగుతాయి. ఆ పిమ్మటనే వంశంలోనికి కొత్తగా వచ్చిన కోడళ్ళను దైవానికి పరిచయం చేసే భేటి ఉంటుంది. ఆ రోజులలో వంశీయులు వేలమంది కూడినా ఆనవాయితీగా ఇరవైరెండు పొయ్యిలమీదనే వంతులవారీగా వంటచేసుకొంటారు. ఆడపడుచులు, అల్లుళ్ళు కలిసి పుట్టమన్నుతో చేసే క్రియలు వేరే ఉన్నాయి. అనగా ఆ నడక తెచ్చినది జలం మాత్రమే కాదు. విడివిడిగా ఉన్న కుటుంబాలను ఒక్క వలయంలోనికి తెచ్చినది. 2022 డిసెంబరులో అక్కడ నూతన శిలాలయం ప్రతిష్ఠితమైనది. ఆ నిర్మాణానికి మెస్రం వంశీయులే చందాలు పోగుచేసుకొన్నారన్నది మనం గుర్తుంచుకోదగిన విషయం. ఏటేటా ఇన్ని దినాలు కలిసి నడిచినవారికి కలిసి గుడి కట్టుకోవడం కష్టం కాలేదు.

ఈ మోసుకొనివచ్చే యాత్ర అడవిబిడ్డల ప్రత్యేకాచారమని, మన ఆచారానికి దానితో సంబంధం లేదని ఎవరైనా అనవచ్చు. కాశీ రామేశ్వర యాత్రను స్మరించండి. కాశీలో గంగను సంగ్రహించి రామేశ్వరంలో స్వామికి అభిషేకిస్తారు, సేతువువద్ద ఇసుకను సంగ్రహించి ఉత్తరాన గంగలో కలుపుతారు. ఇదంతా పూర్వులు కాలినడకన చేసినదే. దక్షిణపు ఇసుక ఉత్తరానికి, ఉత్తరపు నీరు దక్షిణానికి. రెండు కొసలనూ తన దేహంతో ముడివేసినవాడే యాత్రికుడు. ఇంతటితోనూ కాలేదు. కాశీనుండి ఇల్లు చేరినవాడు గంగపూజ చేసి, బంధుమిత్రులకు సమారాధన చేస్తేనే యాత్ర పూర్తయినట్లు మన ఇళ్ళలో లెక్క. కాశీ సమారాధన అన్న మాట మన అవ్వలందరికీ తెలుసు. విశ్వనాథుని దర్శనంతోనే యాత్ర ముగిసేటట్లయితే, ఇంటికి వచ్చి ఊరందరికీ అన్నం పెట్టవలసిన పని ఎందుకు? తీర్థాన్ని తెచ్చి పదిమంది చేతిలో పోసినప్పుడు, అన్నాన్ని పదిమంది విస్తళ్ళలో వడ్డించినప్పుడు ఆ వలయం మూసుకొంటుంది.

గోదావరీతీరానికి ఈ వెళ్ళి తిరిగిరావడమనే ధర్మం అతిప్రాచీనకాలంనుండి తెలుసు. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే వేదపారంగతుడైన బ్రాహ్మణుని కథ ఉన్నది. కోసలదేశంనుండి దక్షిణాపథానికి వచ్చి, అస్సక అనగా అశ్మక దేశంలో, గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకొన్నాడు. ఆ ఆశ్రమం నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తివద్ద ఉండేదని చరిత్రకారులలో కొందరి అభిప్రాయం. వృద్ధుడైన బావరి తనకు తీరని ఒక ప్రశ్నను తీర్చుకోవడానికి పదహారుగురు శిష్యులను ఉత్తరాదికి పంపాడు. వారు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మొదలైన నగరాలమీదుగా నడిచి మగధదేశంలో బుద్ధుని దర్శించారు. దక్షిణాపథమనే ఆ మహామార్గానికి మనకు లభించిన అతిప్రాచీన వర్ణనలలో ఇది ఒకటి. ఆ గోదావరి ఒడ్డునే, జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలవద్ద, తొలి శాతవాహనుల నాణేలు లభించాయి. ఈ బాట ఎంత పాతదో అవి కూడా సాక్ష్యం చెబుతాయి.

బావరి కథను చెప్పేవారు సాధారణంగా పదహారుగురి ప్రశ్నలవద్ద, వాటికి లభించిన సమాధానాలవద్ద ఆగిపోతారు. కథ అక్కడ ఆగలేదు. వారిలో పింగియుడనే వృద్ధుడు మరలి గోదావరీతీరానికి వచ్చాడు, తాను విన్నదానిని గురువుకు నివేదించాడు. జ్ఞానం లభించినది మగధలోనే, కాని అది ఎవరి ప్రశ్నకు సమాధానమో ఆయన గోదావరి ఒడ్డున ఎదురుచూస్తూ ఉన్నాడు. పింగియుడు రాకపోయి ఉంటే బావరి పంపిన యాత్ర సగంలోనే నిలిచిపోయేది.

వేదవాఙ్మయంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానాన్ని ఈరోజులలో తరచుగా ఉదాహరిస్తారు. ఆగకుండా నడవమని ఇంద్రుడు రోహితుణ్ణి ప్రోత్సహించిన ఘట్టం సభలలోనూ, గోడలమీదనూ వినియోగంలో ఉన్నది. ఎందుకు నడుస్తున్నాడో, ఏమైనాడో మాత్రం ఎవరూ చెప్పరు. రోహితుడు తన తండ్రి హరిశ్చంద్రుడు వరుణునికి పడిన ఋణంనుండి తప్పించుకొని అరణ్యానికి వెళ్ళినవాడు. తండ్రి వ్యాధిగ్రస్తుడయ్యాడని విని మరలుతాడు. ఇంద్రుడు అడ్డుపడతాడు. ఇలా సంవత్సరాలు గడుస్తాయి. చివరకు రోహితుడు తండ్రివద్దకు తిరిగివచ్చాడు. అతడు తిరిగివచ్చిన తరువాతనే ఆ ఋణం తీరే మార్గం ఏర్పడినది, శునశ్శేపుడు బంధవిముక్తుడయ్యాడు, హరిశ్చంద్రుని వ్యాధి తొలగినది. నడకను మాత్రమే కీర్తించి తిరిగిరావడాన్ని విస్మరించడం ఆ కథను సగంలో కోయడమే.

ప్రదక్షిణం అనే మన నిత్యాచారాన్ని ఈ వెలుగులో పరిశీలిద్దాం. దైవాన్ని కుడివైపున ఉంచుకొని చుట్టూ నడిచి, మొదలుపెట్టిన చోటికే రావడం ప్రదక్షిణం. అరుణాచలంలో 14 కిలోమీటర్లు, గోవర్ధనగిరికి సుమారు 21, సింహాచలంలో 32, కైలాసానికి 52. నర్మదా పరిక్రమలోనైతే ఒక మహానదినే దాటకుండా, కుడివైపునే ఉంచుకొని, ఒక ఒడ్డున వెళ్ళి మరొక ఒడ్డున మరలివస్తారు. దూరాలు వేరు, సూత్రం ఒక్కటే. నడిచేవాడు ఎక్కడికీ చేరడు. లౌకికదృష్టికి ఇంతకంటే నిష్ప్రయోజనమైన నడక లేదు. చేరవలసిన గమ్యమంటూ లేకపోవడంచేతనే మనస్సు గమ్యాన్ని విడిచి కేంద్రంమీద నిలుస్తుంది. గమ్యం ముందు ఉంటుంది, దానిని చేరగానే అది వెనుకబడుతుంది. కేంద్రం ఎంత నడిచినా పక్కనే, సమానదూరంలోనే ఉంటుంది. నిండుగర్భిణి నూనెకుండను మోస్తూ నడిచినంత నెమ్మదిగా ప్రదక్షిణం చేయాలని పెద్దలు చెప్పడంలోని రహస్యం ఇదే. తొందరపడవలసిన కారణమే అక్కడ లేదు. మా బాపు కొండగట్టు తొవ్వలో చెప్పినదీ అదే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు సహజంగా వస్తాయి. రెండూ గౌరవింపదగినవే.

మొదటిది: విఘ్నేశ్వరుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగి భూప్రదక్షిణఫలం పొందాడు గదా, కుమారస్వామి లోకమంతా తిరిగి ఏమి సాధించాడు? అంతరార్థం తెలిసినవాడికి కాళ్ళు అరిగేటట్లు నడవడం ఎందుకు? దీనికి నా సమాధానం, విఘ్నేశ్వరుడు కూడా నడిచాడు. కూర్చుని సంకల్పమాత్రంతో ఫలం పొందలేదు. వలయాన్ని చిన్నది చేశాడు గాని విడువలేదు. కేంద్రం ఎక్కడ ఉన్నదో తెలిసినవాడికి చిన్న వలయం చాలు. మనకు ఆ కేంద్రం తెలిసినదా? నిత్యపూజ చివర మనం నిలిచినచోటనే తిరిగి చేసే ఆత్మప్రదక్షిణ నమస్కారం ఈ విషయాన్నే బోధిస్తుంది. వలయం క్రమంగా సంకోచించి చివరకు తనలోనే కేంద్రం ఉన్నదని చూపుతుంది. గీతలో భగవానుడు ఈ శరీరమే క్షేత్రమని పదమూడవ అధ్యాయంలో చెప్పినది తెలిసినదే. కాని పెద్ద వలయాన్ని ఒక్కసారి కూడా నడవని దేహానికి ఆ చిన్న వలయం ఉత్త వ్యాయామంగా, పూజలో తొందరగా ముగించే చివరి అంగంగా మిగిలిపోతుంది. మనలో ఎందరి ఆత్మప్రదక్షిణం రెండు క్షణాలకంటే ఎక్కువసేపు ఉంటున్నదో ఎవరికి వారు తలచుకోవాలి. నా సంగతి నాకు తెలుసు.

రెండవది: వృద్ధులు, రోగులు, గర్భిణులు, పసిబిడ్డల తల్లులు నడవలేరు గదా? వాహనం దోషమా? ఎంతమాత్రం కాదు. నడవలేని మా బాపును కారులో కొండగట్టుకు తీసుకొనివెళ్ళడం నా ధర్మం. ఇక్కడి ప్రశ్న నడవగలిగినవారికి సంబంధించినది. కాళ్ళు బలంగా ఉన్న నావంటివాడు దారినంతటినీ అనవసరమైన వ్యవధిగా భావించి, ఎంత త్వరగా వెళ్ళివచ్చానో చెప్పుకొని సంతోషించడం, అదే పుణ్యం తక్కువ శ్రమతో లభించినదని మురిసిపోవడం, ఇదే విమర్శకు పాత్రమైనది. దైవాన్ని చూచి వచ్చినవాడు దారిలో ఒక్క మనిషినీ చూడలేదంటే, ఆ చూపులో ఏదో లోపమున్నది.

గిరిప్రదక్షిణాలు మళ్ళీ ఆదరణ పొందుతున్నాయని, పున్నమి రాత్రులలో జనం వేలాదిగా నడుస్తున్నారని కొందరు సంతోషిస్తున్నారు. నాకూ సంతోషమే. అయితే ఒక భయమున్నది. చేతిలో ఫోను వెలుగు, దారిపొడవునా ఖాళీ నీళ్ళసీసాలు, ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కించే యంత్రం, ఎన్ని పున్నములు పూర్తయ్యాయో లెక్కించే మనస్సు. ఈ నాలుగూ కలిస్తే వలయం మళ్ళీ రేఖగా మారిపోతుంది. లెక్క వచ్చినచోట గమ్యం వస్తుంది, గమ్యం వచ్చినచోట తొందర వస్తుంది.

మెస్రం వంశీయుల నడకను గురించి ఇంతగా వ్రాసిన తరువాత ఒక హెచ్చరిక నాకు నేనే చేసుకోవాలి. నేను ప్రదక్షిణమని, తీర్థమని, అభిషేకమని వ్రాసిన మాటలు నా సంప్రదాయపు మాటలు. గోండులకు తమ దైవాలను గురించి తమవైన కథలు, తమవైన భాష ఉన్నాయి. వాటిని ప్రధాన్‌లు తరతరాలుగా గానంచేస్తూ వచ్చారు. వారి ఆచారానికి మన పేర్లు తగిలించి, ఇదీ మనదేనని ప్రకటించి, అంతటితో మన పని అయిపోయినదనుకోవడం గౌరవం కాదు. వారు ఝారీ మోస్తున్న దారిలో మనం కెమెరాలతో ఎదురుపడడం కూడా గౌరవం కాదు. ఆ దారి దాటే ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న కాల్పులలో మరణించిన ఆదివాసుల స్మారకస్తూపం ఉన్నది. భూమికోసం, అడవికోసం వారు పడిన బాధను తెలుసుకోకుండా వారి భక్తిని మాత్రం మెచ్చుకోవడం సులభమైన పని. శిష్యుడు గురువును తనలో కలిపివేసుకోడు, ఆయనవద్ద నేర్చుకొని తన ఇంటికి వచ్చి ఆచరిస్తాడు. వారివద్ద మనం నేర్చుకోవలసినది ఉన్నది, ఆచరించవలసిన చోటు మాత్రం మన ఊరే.

మన ఊరిలో ఆచరించడానికి దారి మిగిలి ఉన్నదా అన్నది తరువాతి ప్రశ్న. తెలంగాణ గ్రామాల నక్షాలలో పాత బాటలు గీతలుగా ఉన్నాయి. బండ్లబాట, డొంక, పొలిమేర బాట. ఒకప్పుడు జాతరలకు, సంతలకు, పెళ్ళిళ్ళకు జనం నడిచినవి ఇవే. నేడు వాటిలో చాలా భాగం పొలాలలో కలిసిపోయినది, ముళ్ళకంపలతో మూసుకుపోయినది, కొంతభాగం ఇళ్ళస్థలాలైనది. నక్షా బాట కబ్జా అయినదన్న ఫిర్యాదు వినని ఊరు లేదు. దీనిని మనం రెవెన్యూ వ్యవహారంగా మాత్రమే చూస్తున్నాం. నా దృష్టిలో ఇది ధార్మికవ్యవహారం కూడా. గుడిభూమి ఆక్రమణకు గురైతే ఆస్తికులు ఆందోళన చెందుతారు. గుడికి పోయే తొవ్వ మాయమైతే ఎవరూ మాట్లాడరు.

ఇంగ్లండు దక్షిణభాగంలో సుద్దరాతి కొండల శిఖరాల వెంట రిడ్జ్‌వే అనే అతిప్రాచీన మార్గం ఒకటి ఉన్నది. 1973లో దానిని జాతీయ పాదమార్గంగా ప్రారంభించి సుమారు 140 కిలోమీటర్ల పొడవునా కాపాడుకొంటున్నారు. ఆ దేశంలో పాతబాట ఒకరి సొంతపొలంలోనుండి పోతున్నా నడిచేవారి హక్కును చట్టం రక్షిస్తుంది. సెలవురోజున అక్కడి కుటుంబాలు ఆ కొండలమీద చుట్టునడక నడిచి బయలుదేరిన చోటికే వస్తారు. ఆ నడకలో వారికి దైవం ఉన్నాడో లేడో వారికే తెలియాలి. మనకు ప్రతి గుట్టమీదా దైవం ఉన్నాడు, ఆయనవద్దకు పోయే బాట మాత్రం లేదు. ఇది మనం సిగ్గుపడవలసిన వ్యత్యాసం.

కాబట్టి సాధకులకు నా మనవి. కైలాసానికో అరుణాచలానికో వెళ్ళగలిగినవారు వెళ్ళండి. కాని దానికి ముందు మీ ఊరి వలయాన్ని ఒక్కసారి నడవండి. ప్రతి తెలంగాణ గ్రామానికీ నడిమధ్యన బొడ్రాయి ఉన్నది. బొడ్డు అనగా నాభి. గ్రామమనే దేహానికి అది నాభిస్థానం, పొలిమేర దాని చర్మం. బొడ్రాయి పండుగనాడు ఎక్కడెక్కడి ఆడబిడ్డలనూ పిలిపించి, పొలిమేర చుట్టూ పొలి చల్లే ఆచారాన్ని ఏర్పరచిన పూర్వులకు క్షేత్రం, కేంద్రం, వలయం అనే తత్త్వం ఎవరూ పాఠంగా చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ పొలిమేరను పాదరక్షలు విడిచి, మౌనంగా, బొడ్రాయిని కుడివైపున మనస్సులో నిలుపుకొని నడవడానికి సగం రోజు చాలు. బాట ఎక్కడ తెగినదో అప్పుడు మీకే తెలుస్తుంది. తెగినచోట పొలం యజమానితో మంచిమాట మాట్లాడవలసి వస్తుంది. అది కూడా ఆ ప్రదక్షిణంలో భాగమే.

గుట్టమీది ఆలయాల పెద్దలకు కూడా ఒక విన్నపం. వాహనాల దారిని వెడల్పు చేయండి, కాదనము. కాని దానికోసం పాత మెట్లదారిని, కాలిబాటను చెరిపివేయకండి. ఆ బాటపక్కన నాలుగు మర్రిమొక్కలు, రావిమొక్కలు నాటి, ఒక చలివేంద్రం పెట్టించండి. నడిచేవాడికి సిమెంటు పలకలకంటే నీడ అవసరం.

నేను ఈ మాట ఇతరులకు చెప్పి ఊరుకోలేదు. మొన్నటి పున్నమికి తెల్లవారుజామున మా ఊరి బొడ్రాయికి నమస్కరించి, పొలిమేర వెంట బయలుదేరాను. మూడుచోట్ల బాట లేదు. ఒకచోట పత్తిచేను గట్టుమీదుగా, ఒకచోట వాగులో దిగి వెళ్ళవలసి వచ్చినది. కాలిలో ముల్లు గుచ్చుకొన్నది. మందను తోలుకొనిపోతున్న ఒక పెద్దాయన ఆపి, పిన్నీసుతో ముల్లు తీసి, ఇంత ఆకుపసరు పిండాడు. మా బాపు పేరు చెబితే, తామిద్దరూ ఒకే సంవత్సరం కొండగట్టుకు నడిచామన్నాడు. ఊరిలోనే ఉంటూ ఇన్నేళ్ళలో నేను ఆయనను ఎరుగను. ఎండ ఎక్కేసరికి బొడ్రాయి వద్దకు తిరిగివచ్చాను. నాకు దివ్యానుభవమేదీ కలగలేదు, కాళ్ళు మాత్రం నొప్పిపుట్టాయి.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, బాపు మంచం పక్కన కూర్చున్నాను. ఈసారి ఆయన అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను, తొవ్వలో ఎవరు కలిశారో.

స్వస్తి.